‘సీల్డ్’ బ్యాటరీ అంటే నీళ్ళు పోయనక్కర లేనిదని మాత్రమే అర్థం

నా పనిముట్ల పెట్టెలో ఒక పదో నంబరు స్పానర్ ఉంది. దాని నడుమ ఉడుత కొరికిన జామకాయకు పడినట్టు ఒక గంటు, ఆ గంటు అంచున కరిగి గట్టిపడిన చిన్న ఇనుపబొట్టు కనబడతాయి. చాలా ఏళ్ళ క్రితం చిత్తూరులో మా ఇంటి ముందు నిలిపిన కారు నుంచి బ్యాటరీ విప్పబోయి, ముందుగా పాజిటివ్ వైపు నట్టుకు స్పానర్ తగిలించాను. దాని రెండో కొన పక్కనే ఉన్న బాడీ రేకుకు తాకింది. టప్పుమన్న చప్పుడు, నీలి మెరుపు, ఆ వెంటనే కాలిన ఇనుము వాసన వచ్చాయి. చెయ్యి అదురుకు వెనక్కి రావడం వల్ల బొటనవేలు కాస్త కమిలి ఊరుకుంది. అంతకు ఒక నిమిషం ముందే, గోడ అవతల నిలబడి చూస్తున్న పక్కింటి మామతో “సీల్డ్ బ్యాటరీయే కదా మామా, దీనితో భయమేముంది” అన్నది కూడా నేనే.

ఆ మాటలోనే తప్పు ఉంది. సీల్డ్ అనగానే లోపలిది బయటికి రాదని, కాబట్టి ఎలా పట్టుకున్నా, ఎక్కడ పెట్టినా పరవాలేదని చాలామంది అనుకుంటారు. తిరుపతి శివార్లలోని కరకంబాడిలో, 1985లో ఏర్పడిన అమరరాజా సంస్థ బ్యాటరీలు తయారుచేస్తున్నందువల్ల ఈ ప్రాంతంలో బ్యాటరీ అన్న మాట చిన్నపిల్లలకు కూడా కొత్త కాదు. అయినా ఆ నల్లని పెట్టెలో ఏముందో, అది దేనికి చెడుతుందో, దేనికి పేలుతుందో తెలిసి వాడేవారు తక్కువ. పనిముట్టు చేతబట్టే ముందు ఆ సంగతి తెలుసుకోవడం మేలు. ఎందుకంటే కింద చెప్పే ప్రతి జాగ్రత్తకూ కారణం ఆ పెట్టె లోపలే ఉంది.

పెట్టె లోపల

కారు బ్యాటరీ ప్లాస్టిక్ పెట్టెలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కో గదిని సెల్ అంటారు. నిండా చార్జ్ అయిన సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరింటినీ వరుసగా కలిపితే 12.6 వోల్టులు వస్తాయి కాబట్టి, దాన్ని వాడుకలో పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటున్నాము. ప్రతి గదిలోను సీసంతో చేసిన జాలీల వంటి ప్లేట్లు పుస్తకంలో కాగితాల్లా దగ్గర దగ్గరగా నిలబెట్టి ఉంటాయి. పాజిటివ్ ప్లేట్ల జాలీలో ముదురు గోధుమరంగు లెడ్ డయాక్సైడును, నెగటివ్ ప్లేట్ల జాలీలో బూడిదరంగులో గుల్లగా ఉండే సీసాన్ని మెత్తి ఉంచుతారు. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సెపరేటర్లు ఉంటాయి. వీటన్నింటినీ ముంచుతూ పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. నిండా చార్జ్ అయిన బ్యాటరీలో ఆ ద్రవం బరువులో మూడోవంతుకు కాస్త పైగా ఆమ్లం, మిగిలినది నీరు.

మనం తాళం తిప్పి సెల్ఫ్ కొట్టగానే ఆమ్లం రెండు రకాల ప్లేట్ల మీదా పనిచేసి, రెండింటినీ మెల్లగా లెడ్ సల్ఫేటుగా మారుస్తుంది. ఆ మార్పులో విడుదలయ్యే విద్యుత్తే మోటారును తిప్పుతుంది. ఆమ్లం ప్లేట్లలోకి చేరిన కొద్దీ ద్రవం పలచబడుతుంది. ఇంజను నడవడం మొదలయ్యాక ఆల్టర్నేటర్, మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అని పిలిచేది, ఇదే క్రమాన్ని వెనక్కి తిప్పుతుంది. సల్ఫేటు విడిపోయి ఆమ్లం తిరిగి ద్రవంలో కలుస్తుంది, ప్లేట్లు తమ మొదటి రూపానికి వస్తాయి. 1859లో ఫ్రాన్సు దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే కనిపెట్టినప్పటి నుంచి ఈ రసాయన క్రియ మారలేదు. ఆ తరువాత మారినవన్నీ ప్లేట్ల తయారీ, పెట్టె, మూత మాత్రమే.

బ్యాటరీ ఎందుకు చస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అప్పుడే పుట్టిన లెడ్ సల్ఫేటు పిండిలా సన్నగా ఉంటుంది, చార్జింగ్ ఇస్తే ఇట్టే కరుగుతుంది. దిగిపోయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే, పాకం ఆరి కలకండ కట్టినట్టు అదే సల్ఫేటు పెద్ద పలుకులుగా గట్టిపడి, ఎంత చార్జింగ్ పెట్టినా తిరిగి కరగదు. ప్లేటులో అంత భాగం పనికిరాకుండా పోయినట్టే లెక్క. సెల్‌ఫోను బ్యాటరీని దించి ఎక్కించినట్టు కారు బ్యాటరీని పూర్తిగా దించి చూడాలనుకోవడం ఇందుకే తప్పు. పెద్ద కరెంటును కొద్ది క్షణాలు ఇచ్చి వెంటనే నిండడానికే దీన్ని తయారుచేశారు, గంటల తరబడి కొద్దికొద్దిగా ఖాళీ కావడానికి కాదు.

ఒక చిన్న లెక్క చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. చిన్న పెట్రోలు కారు స్టార్ట్ కావడానికి 150 ఆంపియర్లు రెండు సెకన్లు పీల్చిందనుకుంటే, ఖర్చయ్యేది ఒక ఆంపియర్ అవర్‌లో పదోవంతు కూడా ఉండదు. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే దాన్ని ఒక ఆంపియర్ అవర్ అంటారు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది లెక్కలోకి రాదు, డైనమో కొద్ది నిమిషాల్లో పూడుస్తుంది. అదే రెండు హెడ్‌లైట్లను ఆర్పడం మరిచి దర్శనానికి వెళ్ళారనుకోండి, ఒక్కోటి 55 వాట్ల బల్బు అయితే గంటకు తొమ్మిది ఆంపియర్ అవర్ల చొప్పున పోతుంది. నాలుగు గంటలు తిరగకుండానే బ్యాటరీ అడుగంటుతుంది. సర్వదర్శనం క్యూ సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర లేదు.

మూత వేసింది దేనికి?

చార్జింగ్ నిండిన తరువాత కూడా కరెంటు వస్తూనే ఉంటే, ఇక మార్చడానికి సల్ఫేటు మిగలక ఆ కరెంటు నీటినే హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. పాత బ్యాటరీల జాలీలలో సీసానికి గట్టిదనం కోసం యాంటిమొనీ కలిపేవారు. దానివల్ల వాయువులు ఎక్కువగా పుట్టి నీటిమట్టం తగ్గేది కాబట్టి, నెలకొకసారి మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోయవలసి వచ్చేది. యాంటిమొనీ బదులు కాల్షియం కలిపిన జాలీలు వచ్చాక ఆ నష్టం బాగా తగ్గింది. పైగా మూతలో మెలికల దారులు పెట్టి, ఆవిరి అక్కడే చల్లబడి వెనక్కి జారేలా చేశారు. నేడు మనం కొంటున్న సీల్డ్ బ్యాటరీలలో ఎక్కువ భాగం ఈ రకమే. వాటి లోపల ద్రవం ద్రవంగానే, పోస్తే పారేలాగానే ఉంది. పక్కన ఎక్కడో వాయువు పోవడానికి సన్నని రంధ్రం కూడా ఉంది. నిలువుగా ఉన్నంతవరకే అది సీల్డ్ అన్నమాట.

ఏజీఎం రకం ఇంకొకటి. అందులో ఆమ్లాన్ని సన్నని గాజునూలు చాపలో దూదిలా పీల్చి ఉంచుతారు. పాజిటివ్ ప్లేటు వద్ద పుట్టిన ఆక్సిజన్ ఆ చాప సందుల గుండా నెగటివ్ ప్లేటుకు చేరి, అక్కడ మళ్ళీ నీరుగా మారుతుంది. లోపలి ఒత్తిడి మితిమీరినప్పుడు మాత్రం వాల్వు తెరుచుకుని వాయువును బయటికి వదులుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతట అదే ఆగి మళ్ళీ రాజుకునే కార్లకు ఈ రకాన్నో, అలాంటి కార్ల కోసమే పటిష్ఠంగా చేసిన ఈఎఫ్‌బీ రకాన్నో వాడతారు. అటువంటి కారుకు ధర తక్కువని మామూలు బ్యాటరీ బిగిస్తే ఏడాది తిరగకముందే బాధపడవలసి వస్తుంది.

ఏ రకమైనా వాయువు బయటికి వచ్చే దారి ఒకటి ఉన్నదని మరువకూడదు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా నిప్పు తగిలితే అంటుకుంటుంది. అది గాలికన్నా తేలిక కాబట్టి ఆరుబయట ఇట్టే పైకి పోతుంది గాని, మూసిన బానెట్ కింద, మూసిన గదిలో కప్పు దగ్గర నిలుస్తుంది. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు, లైటరు వద్దనడం ఇందుకే. మన వైపు ఆయుధపూజ నాడు బానెట్ ఎత్తి, ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూర హారతి ఇస్తారు. ఆ హారతిని కారు ముందు నిలబడి ఇస్తే చాలు. ముందురోజు రాత్రంతా చార్జింగ్ పెట్టిన బ్యాటరీ మీదికి వంగి మంట తిప్పడం ఏ దేవుడూ కోరడు. తీగలు బిగించే రెండు టెర్మినళ్ళ మధ్య తడి కుంకుమ పూయకపోవడం కూడా మంచిది. తడి పొర మీదుగా కరెంటు సన్నగా పారుతూనే ఉంటుంది.

మన ఎండలు

చలిదేశాల వారు బ్యాటరీ చలికి చస్తుందనుకుంటారు. చలిలో అది మొరాయించే మాట నిజమే, కాని ఆయువు తీసేది వేడి. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుర్దాయం సుమారు సగానికి తగ్గుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో నీడన నలభై దాటే రోజులు ఎన్నో ఉంటాయి. రేణిగుంట రోడ్డులో ఎండన నిలిపిన కారు బానెట్ కింద ఇంకెంత ఉంటుందో ఒకసారి చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. వేడికి పాజిటివ్ జాలీ త్వరగా తుప్పుపడుతుంది, నీరు త్వరగా తగ్గుతుంది, వాడకుండా ఉంచినా చార్జింగ్ త్వరగా దిగుతుంది. అందుకే పలమనేరు వైపు చల్లదనంలో అయిదేళ్ళు నడిచే బ్యాటరీ తిరుపతిలో మూడు, నాలుగేళ్ళకే అలసిపోతే ఆశ్చర్యపడను. బ్యాటరీ మీద ఉండే సీసీఏ సంఖ్య సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది. మనకు దానికన్నా తయారైన నెల ముఖ్యం. అంగడిలో ఆరు నెలలు అటక మీద వేడిలో కూర్చున్న బ్యాటరీ కొత్తదే అయినా సగం ముసలిది. కొనేటప్పుడు తయారీ తేదీ అడిగి, మీటరు పెట్టించి, 12.5 వోల్టులకు తక్కువ ఉంటే ఇంకొకటి తీయమనండి.

విప్పకముందే కొలవడం

రెండు, మూడు వందల రూపాయల మల్టీమీటరు ఇంట్లో ఉంటే సగం అనుమానాలు తీరతాయి. కారు ఆపి కొన్ని గంటలు గడిచాక, వీలైతే తెల్లవారుజామున, డీసీ 20 వోల్టుల గడిలో పెట్టి ఎర్ర తీగను పాజిటివ్‌కు, నల్ల తీగను నెగటివ్‌కు ఆనించి చూడాలి. 12.6 లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మిగిలినట్టు. ఏజీఎం రకం నిండినప్పుడు 12.8 దాకా చూపుతుంది. చార్జింగ్ పెట్టి తీసినా సుమారు 10.5 దగ్గరే ఆగిపోతే ఆరింటిలో ఒక సెల్ పోయినట్టే. 12.6 నుంచి 2.1 తీసివేస్తే వచ్చేది అదే కదా. అలాంటి బ్యాటరీకి వైద్యం లేదు.

తరువాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని, ఆ క్షణంలో సంఖ్య ఎంతకు పడుతుందో చూడాలి. నిండిన బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి జారితే ముసలితనం వచ్చిందని అర్థం. ఇంజను నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. పదమూడు కూడా దాటకపోతే తప్పు డైనమోదో బెల్టుదో అయి ఉంటుంది. బ్యాటరీ మార్చినా వారానికి మళ్ళీ అదే కథ. పదిహేను దాటితే డైనమో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. కొత్త కార్లలో కొన్ని కంప్యూటరు లెక్క ప్రకారం ఈ వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి కాబట్టి, ఒక్క చూపుతో తీర్పు చెప్పకుండా కాసేపు గమనించాలి.

కొన్నింటి పైన చిన్న గాజుకన్ను ఉంటుంది. సాధారణంగా పచ్చగా కనబడితే బాగున్నట్టు, నల్లగా ఉంటే చార్జింగ్ కావాలని, తెల్లగా ఉంటే ద్రవం తగ్గిందని అర్థం. రంగుల అర్థం పక్కనున్న చీటీ మీద రాసి ఉంటుంది. అయితే ఆ కన్ను చూసేది ఒక్క గదినే. మిగిలిన అయిదింటిలో ఏదైనా చచ్చినా అది పచ్చగానే నవ్వుతుంది.

విప్పడం, బిగించడం

ఇంజను ఆపి, లైట్లన్నీ ఆర్పి, తాళం చెవి కారులో కాక జేబులో ఉంచుకోవాలి. బ్యాటరీ తీయగానే తలుపులు లాక్ అయి చెవి లోపల చిక్కిన కార్లను చూశాను. ఉంగరాలు, చేతి కడియం, లోహపు పట్టీ ఉన్న గడియారం తీసి పక్కన పెట్టాలి. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు, కాని రెండు టెర్మినళ్ళనూ లోహం కలిపితే వెయ్యి ఆంపియర్లు దాటి పారవచ్చు. నా స్పానర్‌ను కరిగించింది వోల్టులు కాదు, ఆ ఆంపియర్లే. అదే దారిలో బంగారు ఉంగరం ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. కళ్ళకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు పెట్టుకున్నందుకు ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ముందుగా విప్పవలసింది నెగటివ్ టెర్మినల్. కారు బాడీ మొత్తం నెగటివ్‌కు కలిపి ఉంటుంది. నెగటివ్ బిగించి ఉండగా పాజిటివ్ నట్టు తిప్పే స్పానర్ బాడీకి ఎక్కడ తగిలినా వలయం పూర్తవుతుంది, చిత్తూరులో నాకు జరిగింది అదే. నెగటివ్ తీసి, ఆ తీగ వెనక్కి జారి తగలకుండా పాతగుడ్డ చుట్టి పక్కకు వంచితే, ఆపైన పాజిటివ్ స్పానర్ రేకుకు తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు ఇదే తలకిందులు, అంటే ముందు పాజిటివ్, చివరన నెగటివ్. టెర్మినల్ ఊడి రాకపోతే సుత్తితో కొట్టడం, స్క్రూడ్రైవరుతో పెకలించడం చేయకూడదు. సీసం మెత్తని లోహం. తీగ బిగించే ఆ సీసపు స్తంభం లోపల ప్లేట్ల దగ్గర విరిగితే పైకి ఏమీ కనబడదు, ఒకరోజు సెల్ఫ్ కొట్టేటప్పుడు లోపలే నిప్పురవ్వ పుడుతుంది.

చిన్న కారు బ్యాటరీ తొమ్మిది, పది కిలోలు, పెద్ద డీజిల్ వాహనానిది దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. వంగి చేతులతో లాగకుండా, పిడి ఉంటే పిడితో, లేకుంటే అడుగున చేతులు వేసి నిలువుగా ఎత్తాలి. రెండు వైపులా గోడలను అదిమి పట్టుకుంటే రంధ్రాల గుండా ఆమ్లం చిమ్మవచ్చు. నేల మీద పెడితే చార్జింగ్ దిగిపోతుందని మా పెద్దవాళ్ళు చెక్కపలక వేసేవారు. అది పాతకాలపు గట్టి రబ్బరు పెట్టెల నాటి నమ్మకం, ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు వర్తించదు. అయినా నేను పలకో ప్లాస్టిక్ తొట్టో వేస్తాను. కారణం వేరు, మా వసారాలో పరిచినవి కడప బండలు. అవి సున్నపురాయి జాతి కాబట్టి ఒక్క చుక్క ఆమ్లం పడితే బుసబుస పొంగి, నల్లని మెరుపు పోయి, బూడిదరంగు మచ్చ శాశ్వతంగా మిగులుతుంది.

టెర్మినళ్ళ మీద తెల్లగానో, నీలిపచ్చగానో ఉప్పు పూసినట్టు పేరుకున్నది కనబడితే ఊదకూడదు, వేలితో గీకకూడదు. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా వంటసోడా కలిపి, పాత పళ్ళకుంచెతో రుద్దితే నురగ వచ్చి వదులుతుంది. మంచినీటితో కడిగి, బాగా ఆరనిచ్చి, బిగించిన తరువాత పైన వాసెలిన్ పలచగా పూయాలి. సోడానీరు బ్యాటరీ రంధ్రాలలోకి పోకుండా చూడాలి. చివరన అడుగు క్లాంపు గట్టిగా బిగించండి. అది లేక ఊగుతున్న బ్యాటరీ ఘాటు రోడ్ల మలుపుల్లో ప్లేట్లు రాల్చుకుంటుంది.

సీల్డ్ మూతను పెకలించి నీళ్ళు పోసి ‘బాగు చేస్తామ’నేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దానికి ఒప్పుకోవద్దు. మన బోరునీటిలోని ఉప్పులు ప్లేట్లను పాడుచేస్తాయి, ఆమ్లం పోస్తే ఇంకా త్వరగా చస్తుంది, ఒకసారి పగిలిన మూత మళ్ళీ సరిగా మూసుకోదు.

కారు మొరాయించినప్పుడు

ఇంకొక కారు నుంచి కేబుళ్ళు వేసి స్టార్ట్ చేయడానికి ముందు బ్యాటరీని కళ్ళతో చూడాలి. పెట్టె ఉబ్బి ఉన్నా, పగిలినా, కుళ్ళిన గుడ్ల వాసన వస్తున్నా దానికి కరెంటు ఇవ్వకూడదు. రెండు కార్లూ పన్నెండు వోల్టులవేనని, ఒకదానికొకటి తగలడం లేదని చూసుకోవాలి. ఎర్ర కేబుల్ ఒక కొసను ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొసను మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్ల కేబుల్‌ను మంచి బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, దాని చివరి కొసను మాత్రం దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, ఆ కారు ఇంజను మీద రంగు లేని గట్టి లోహపు భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. చివరి కొస తగిలేటప్పుడు చిన్న నిప్పురవ్వ తప్పదు, అది హైడ్రోజన్ ఉండే చోట పడకూడదన్నదే ఈ వరుసలోని కిటుకు. మంచి కారును అయిదు నిమిషాలు నడవనిచ్చి, తరువాత రెండోదానికి సెల్ఫ్ కొట్టాలి. అయిదారు సెకన్లకు మించి పట్టి ఉంచవద్దు. స్టార్ట్ అయ్యాక తగిలించిన వరుసకు సరిగ్గా తలకిందులుగా తీయాలి.

తిరుమల నుంచి దిగేటప్పుడు బ్యాటరీ డౌన్ అయితే, వాలు ఉంది కదా అని ఇంజను ఆపిన కారును ఘాటు రోడ్డులో వదిలి గేరులో స్టార్ట్ చేద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. ఇంజను నడవనిదే బ్రేకుకు బూస్టర్ బలం ఉండదు, స్టీరింగు బిగుసుకుంటుంది. పైన పార్కింగులోనే ఎవరినైనా కేబుళ్ళు అడగడం నయం.

ఇంట్లో చార్జరు పెట్టేటప్పుడు బ్యాటరీ ఆంపియర్ అవర్లలో పదోవంతు కరెంటు చాలు, అంటే 35కు మూడున్నర ఆంపియర్లు. వోల్టేజీ 14.4 దగ్గర తనంతట తానే ఆగే చార్జరు అయి ఉండాలి. పోయిన నీటిని తిరిగి పోసే దారి సీల్డ్ రకంలో లేదు కాబట్టి, అతిగా చార్జ్ చేయడం దానికి అన్నింటికన్నా పెద్ద హాని. ముందు క్లిప్పులు తగిలించి తరువాత స్విచ్ వేయాలి, తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. గాలి ఆడే వసారా మంచిది, పడకగది, గ్యాస్ సిలిండరు ఉన్న వంటిల్లు పనికిరావు. మధ్యలో చెయ్యి ఆనించి చూసి, కాలేంత వేడెక్కినా, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా స్విచ్ ఆపి, తలుపులు తెరిచి, దూరంగా వచ్చి చల్లారనివ్వాలి.

కువైట్ వెళ్ళినవారి కార్లు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి మాత్రమే వచ్చే పిల్లల కార్లు మా వీధిలోనే నాలుగున్నాయి. నిలిపి ఉన్న కారు కూడా అలారానికి, గడియారానికి, కంప్యూటరుకు ముప్పై మిల్లీ ఆంపియర్ల వరకు పీలుస్తూ ఉంటుంది. రోజుకు ముప్పాతిక ఆంపియర్ అవర్ అనుకుంటే, నెలకు సుమారు ఇరవై రెండు, అంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా పోయినట్టు. నెలకు మించి కదలని కారుకు నెగటివ్ తీగ విప్పి ఉంచి, రెండు నెలలకొకసారి చార్జింగ్ పెట్టించడం మంచిది. వారానికొకసారి అయిదు నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఆపడం పూజలో గంట కొట్టినట్టు చప్పుడుకే గాని, బ్యాటరీ నిండడానికి కాదు. అరగంట పైగా రోడ్డు మీద నడవాలి.

ఆమ్లం పడితే

కంట్లో చుక్క పడితే ఆ క్షణమే, ఎవరినీ అడగకుండా, ధారగా పారే మంచినీటితో కడగడం మొదలుపెట్టాలి. రెప్పలను వేళ్ళతో విప్పి పట్టుకుని కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు ఆపకుండా కడిగి, తరువాత కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అవసరమైతే 108కి ఫోను చేయాలి. వంటసోడా, రోజ్ వాటర్, చనుబాలు కంట్లో పోయవద్దు. ఆమ్లానికి సోడా విరుగుడన్నది నేలకూ టెర్మినల్‌కూ వర్తించే మాట, కంటికి కాదు. చర్మం మీద పడితే తడిసిన బట్ట విప్పేసి నీళ్ళతో చాలాసేపు కడగాలి. నూలు చొక్కా మీద పడిన చుక్క అప్పటికి కనబడదు, ఉతికి ఆరేసిన నాడు జల్లెడలా చిల్లులు తేలతాయి. నేల మీద ఒలికితే వంటసోడా దోసిళ్ళతో చల్లి, పొంగు ఆగాక నీళ్ళు కొట్టాలి.

సీసం విషం ఇంత తొందరగా కనబడదు. అది ఒంట్లో కొద్దికొద్దిగా చేరుతుంది, ఎదిగే పిల్లల మెదడుకు ఎక్కువ హాని చేస్తుంది. టెర్మినల్ రుద్దిన చేతులతో పిల్లలను ఎత్తుకోవడం, తమలపాకులు నమలడం చేయకుండా ముందు సబ్బుతో కడుక్కోవాలి. వలగుండ్లు పోయడానికో, ఆ సీసాన్ని అమ్ముకోవడానికో పాత బ్యాటరీ పగలగొట్టి పెరట్లో కరిగించడం ఆ ఇంటి మట్టిని ఏళ్ళ తరబడి విషం చేస్తుంది.

పాతదాన్ని చెత్తబండిలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దాన్ని ఇంటి చెత్తతో కలపకుండా, సేకరించేవారికో రీసైక్లింగ్ చేసేవారికో అప్పగించవలసిన బాధ్యత వాడినవారిది, వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయవలసిన బాధ్యత తయారీదారుది. కొత్తది కొన్న అంగట్లోనే పాతదానికి ధర కట్టి బిల్లులో తగ్గిస్తారు. పాత ఇనుప సామాన్ల వాడు ఇంకో వంద ఎక్కువ ఇస్తానన్నా నేను ఇవ్వను, అతను దాన్ని ఎక్కడ పగలగొడతాడో నాకు తెలుసు. అంగడికి తీసుకుపోయేటప్పుడు టెర్మినళ్ళకు ఇన్సులేషన్ టేపు చుట్టి, పక్కకు ఒరగకుండా ప్లాస్టిక్ తొట్టిలో నిలువుగా కూర్చోబెట్టి, కారు డిక్కీలో పెట్టాలి. సీటు మీద పెట్టి తెచ్చిన మా బావమరిది కారులో ఆ చిల్లుల సీటుకు ఇప్పటికీ తువ్వాలు కప్పి ఉంటుంది.